మోక్షగుండము విశ్వేశ్వరయ్య

చిత్తూరు సీమకు నైరుతి మూలనున్న కుప్పము ప్రాంతమును దాటి కర్ణాటక దేశమున నడుగిడినచో కొలది దూరముననే కోలారు బంగారు గనులు కానవచ్చును. మన సీమలోని చిగురుగుంట, బిసానత్తము గనులు ఆ బంగారపు పట్టీకి దక్షిణపు కొసలే. ఆ గనులలో తరతరములుగా కష్టించిన కూలీలలో చిత్తూరు, ఉత్తర ఆర్కాటు సీమల తెలుగువారును తమిళులును మిక్కుటముగా నుండిరి. మన పట్టణములలో ఆముదపు దీపములును, కిరసనాయిలు బుడ్లును వెలుగుచుండిన 1902వ సంవత్సరముననే ఆ గనులలో విద్యుచ్ఛక్తితో యంత్రములు తిరుగ నారంభించెను. ఆ శక్తి కోలారున పుట్టినది కాదు. అచ్చటికి సుమారు 147 కిలోమీటర్ల దూరమున, శివసముద్రము కడ, కావేరీ నది రెండు పాయలై కొండచరియల నుండి దుముకుచున్నది. అచ్చట పుట్టిన శక్తి తీగల వెంబడి గనులకు వచ్చెడిది. ఆనాటి ప్రపంచమున అంత పొడవైన విద్యుత్ మార్గములు మిక్కిలి అరుదు.

ఈ జలవిద్యుత్కేంద్రమును కట్టించినవాడు విశ్వేశ్వరయ్యయే యని పెక్కుమంది తలంతురు. అది సరికాదు. మైసూరు దివానుగా నుండిన సర్ కె. శేషాద్రి అయ్యరు దానిని సంకల్పించెను. జోలీ ద లోబినియేర్ అను ఇంజనీరు దానిని నిర్మించెను. శేషాద్రి అయ్యరు 1901లోనే గతించుటచే తన కోరిక ఫలించుటను కన్నులార చూడలేకపోయెను. ఎవరికి చెందవలసిన కీర్తిని వారి కిచ్చుట న్యాయము. అయితే ఆ కేంద్రమున కొక పెద్ద లోపముండెను. కావేరి నిండుగా పారినంత కాలము యంత్రములు చక్కగా తిరిగెడివి. వేసవిలో నది సన్నగిల్లగానే వాటి బలము తగ్గెడిది. ఆ లోపమును తీర్చినవాడు మోక్షగుండము విశ్వేశ్వరయ్య. ఆ తీర్చిన విధమే ఆయన జీవితములోని ముఖ్యఘట్టము.

విశ్వేశ్వరయ్య 1861వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన ముద్దెనహళ్ళి యను చిన్న గ్రామమున జన్మించెను. ఆ గ్రామము నంది కొండల చేరువ నున్నది. అప్పుడు కోలారు జిల్లాలోనిది, నేడు చిక్కబళ్ళాపురము జిల్లాలోనిది. మన పెన్నా నదియు, కుప్పము సీమ మీదుగా తమిళదేశమునకు పోవు పాలారును ఆ ప్రాంతముననే పుట్టుచున్నవి. ఏడాదిలో పెక్కు నెలలు ఇసుక తప్ప నీరు కానరాని పాలారును ఎఱిగిన మన పిల్లలకు, ఆ నేలపై పెరిగిన బాలునికి నీటి విలువ ఎట్లు తెలిసినదో వేరుగ చెప్పనక్కరలేదు.

ఆయన పూర్వులు తెలుగువారు. గిద్దలూరు, కంభము ప్రాంతములోని మోక్షగుండము వారి స్వగ్రామము, అదియే ఇంటిపేరైనది. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితుడు, తల్లి వెంకటలక్ష్మమ్మ. చిన్నతనముననే తండ్రి గతింపగా బెంగుళూరులోని మేనమామ అండను చేరి, పిల్లలకు పాఠములు చెప్పి ఆ వచ్చుబడితో తాను చదువుకొని, 1881లో సెంట్రల్ కళాశాల నుండి బి.ఏ. పట్టము పొందెను. పిమ్మట మైసూరు సంస్థానము వారి విద్యార్థి వేతనముతో పూనా పట్టణమున ఇంజనీరింగు చదివి, 1883లో ప్రథముడుగా ఉత్తీర్ణుడై, మఱుసటి యేడు బొంబాయి ప్రభుత్వపు కొలువున చేరెను.

ఆ కొలువులో ఆయన చేసిన పనులు పెక్కు కలవు. వానిలో నొకటి మాత్రము కొంచెము వివరముగా చెప్పవలెను. ఏలన అది మన పల్లెటూళ్ళలో ప్రతి రైతుకును తెలిసిన చిక్కు. చెరువు నిండిన పిమ్మట మిగులు నీరు మొరవ మీదుగా పోవును. నీరు వృథాగా పోవుచున్నదని రైతులు మొరవపై మట్టియు, ఇసుక మూటలును వేసి మరికొంత నీటిని నిలుపుదురు. ఆ రాత్రియే పెద్దవాన కురిసి వరద వచ్చెనా, నీరు పోవు దారిలేక కట్టయే తెగును. అడ్డు పెట్టనిచో నీరు పోవును. పెట్టినచో కట్ట పోవును. పూనా చేరువనున్న ఖడక్‌వాస్లా జలాశయమున విశ్వేశ్వరయ్యకు ఈ సమస్యయే యెదురయ్యెను.

ఆయన మొరవపై ఇనుప తలుపుల నమర్చెను. నీరు ఒక నిర్ణీతమైన మట్టమునకు వచ్చువరకు ఆ తలుపులు మూసికొనియుండి నీటిని నిలుపును. ఆ మట్టము మించినంతనే నీటి బలముచేతనే, మనిషి చేయి సోకకుండ, తెరచుకొని వరదను విడిచిపెట్టును. వరద తీయగానే మరల మూసికొనును. 1903లో ఈ తలుపులు అమర్చబడెను. ఆనకట్టను ఒక్క అడుగైనను పెంచకయే 8 అడుగుల మేర నీరు అధికముగా నిలిచెను. చిన్న ఉపాయమువలె తోచును గాని, అర్ధరాత్రి వేళ కట్ట కావలి కాచినవారి నడిగిన దీని గొప్ప తెలియగలదు.

1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన హైదరాబాదు నగరమున మూసీనది పొంగి వేలకొలది ప్రాణములను బలిగొనెను. విశ్వేశ్వరయ్య అప్పటికి బొంబాయి కొలువు నుండి విరమించుచుండెను. నిజాము ప్రభుత్వము ఆయనను పిలిపింపగా, నగరమునకు ఎగువనే నీటిని నిలుపవలెనని సూచించెను. ఉస్మాన్ సాగరము, హిమాయత్ సాగరము ఆ సూచన ననుసరించియే తరువాత కట్టబడెను. 1909లో మైసూరు సంస్థానము ఆయనను చీఫ్ ఇంజనీరుగా నియమించెను. అప్పటికి ఆయన వయస్సు నలువదియెనిమిది సంవత్సరములు.

ఇచ్చట కథ నొకింత ఆపి, నీటినుండి విద్యుత్తు ఎట్లు పుట్టునో తెలిసికొందము. ఇది తెలియనిచో తరువాతి కథ అర్థము కాదు.

మన సీమలో మొన్న మొన్నటి వరకును కపిల బావులుండెను. ఎద్దుల జత వాలుదారిలో దిగుచు మోకును లాగగా కపిల బాన నీటితో పైకి వచ్చెడిది. ఎద్దులు పడిన ఆ శ్రమ యెచ్చటికి పోయినది? పైకి వచ్చిన నీటిలోనే దాగియున్నది. ఆ నీరు మరల క్రిందికి పడునపుడు ఆ శ్రమ బయటపడును. తిరుమల మెట్లెక్కినవారికి ఈ సంగతి మోకాళ్ళే చెప్పును. బరువును ఎత్తునకు చేర్చుట ఊరక కాదు. ఇక నదుల విషయమున ఎద్దుల పనిని సూర్యుడు చేయుచున్నాడు. సముద్రపు నీటిని ఆవిరిగా మార్చి, మేఘములుగా పైకెత్తి, కొడగు కొండలపై కురిపించుచున్నాడు. కావేరి ఆ కొండలనుండి దిగివచ్చుచు, సూర్యుడు పెట్టిన శ్రమను రాళ్ళపై కొట్టుకొని చప్పుడుగను నురుగుగను వ్యర్థపుచ్చుచున్నది. ఆ వ్యర్థమగు బలమును పట్టుకొనుటయే జలవిద్యుత్కేంద్రము చేయు పని.

బలము రెండింటిని బట్టి యుండును: ఎంత నీరు, ఎంత దిగుడు. సెకండునకు ఒక ఘనపుటడుగు చొప్పున పారు నీరు, శివసముద్రమునందు వలె సుమారు 400 అడుగులు దిగినచో, లెక్కకు 45 గుఱ్ఱముల బలము నిచ్చును. ఘనపుటడుగు నీటి బరువు 62 పౌనులకు కొంచెము మించును. 550 పౌనుల బరువును సెకండునకు ఒక అడుగు ఎత్తగల బలమే ఒక గుఱ్ఱము బలము. ఈ లెక్కను నా తరగతిలో పిల్లలచేత నల్లబల్లపై చేయించెడివాడను. మీరును కాగితముపై చేసి చూడుడు. యంత్రముల రాపిడిలో కొంత పోగా, చేతికందునది ఇంచుక తగ్గును.

నది నుండి కాలువ ద్వారా నీటిని కొండ అంచునకు తెచ్చి, అచ్చటినుండి లావైన ఉక్కు గొట్టములలో క్రిందికి విడుతురు. గొట్టమున దిగు నీరు చెదరిపోవ వీలులేదు. దాని ఒత్తిడి యంతయు అడుగుభాగమున చేరును. అచ్చట టర్బైను అను రెక్కల చక్రము కలదు. నీరు రెక్కలను నెట్టగా చక్రము గిఱ్ఱున తిరుగును. దాని ఇరుసునకే జనరేటరు తగిలింపబడి యుండును. తీగచుట్ట కడ అయస్కాంతము కదలినచో తీగలో విద్యుత్తు పుట్టునని 1831లో మైఖేల్ ఫారడే కనిపెట్టెను గదా. జనరేటరు చేయునది అంతకంటె వేరొకటి కాదు. పుట్టిన విద్యుత్తును దూరమునకు పంపుటకు ముందు ట్రాన్స్‌ఫార్మరుతో దాని వోల్టేజిని పదుల వేలకు పెంచుదురు. వోల్టేజి రెండింతలైనచో అదే శక్తిని పంపుటకు సగము ప్రవాహమే చాలును; తీగ వేడెక్కి పోవు నష్టము నాలుగవ వంతుకు తగ్గును. ఆ ఉపాయము లేనిచో శివసముద్రపు శక్తి కోలారు చేరకమునుపే దారిలో తీగలను కాచుటకే సరిపోయెడిది.

ఒక్క విషయమును మఱువరాదు. టర్బైనును త్రిప్పిన నీరు ఒక బొట్టైనను తగ్గక మరల నదిలోనే కలియును. విద్యుత్తు నీటిని త్రాగదు. దాని దిగుడును మాత్రమే వాడుకొనును. ఈ మాట ముందు వచ్చు తగవును అర్థము చేసికొనుటకు పనికివచ్చును.

ఇప్పుడు కోలారు గనుల స్థితిని ఊహింపుడు. వేల అడుగుల లోతున మనుష్యులు పనిచేయుచుందురు. వారిని దింపుటకు, ఎక్కించుటకు, లోనికి గాలి పంపుటకు, ఊరు నీటిని తోడివేయుటకు యంత్రములు తిరుగవలెను. వేసవి వచ్చినదని గనిలోని మనిషి ఊపిరి పీల్చుట మానునా? గనుల యజమానులైన జాన్ టేలర్ కంపెనీవారు అంతకంతకు ఎక్కువ శక్తిని కోరుచుండిరి. అది నమ్మదగినదిగా, సంవత్సరము పొడవునను అందవలెననిరి. నది మాత్రము ఋతువు ననుసరించి నడచునుగాని, ఒప్పందముల ననుసరించి నడువదు.

విశ్వేశ్వరయ్య చేసిన యోచన ఇది. శివసముద్రమునకు ఎగువన, మైసూరు చేరువలో, కన్నంబాడి కడ కావేరికి పెద్ద ఆనకట్ట కట్టి వానకాలపు నీటిని నిలుపవలెను. వేసవిలో దానిని కొలతగా విడిచినచో శివసముద్రమున యంత్రములకు కొఱత యుండదు. ఆ నీటితోనే మండ్య ప్రాంతపు బీడునేలలు పండును. ఒకే నీరు రెండు పనులు చేయును.

ఆర్థికశాఖవారు ఇందుకు సమ్మతింపరైరి. అంత ధనము నీళ్ళలో పోయుట సంస్థానమునకు శక్యము కాదనియు, పుట్టు విద్యుత్తును కొనువారెవరనియు వారి వాదము. తొలుత అనుమతి లభింపలేదు. విశ్వేశ్వరయ్య నొచ్చుకొనెను, తనకు తగిన పని లేనిచోట ఉండుట యేలయని తలపోసెను. దివాను ఆనందరావు, మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడయరు ఆ పథకమును మరల పరిశీలించిరి. 1911వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన 81 లక్షల రూపాయల అంచనాతో మహారాజు ఆజ్ఞ వెలువడెను. నవంబరులో పని మొదలయ్యెను.

అంతలో మద్రాసు ప్రభుత్వము అడ్డుతగిలెను. అప్పుడు మన సీమ యంతయు మద్రాసు రాజధానిలోనిదే. చిత్తూరు జిల్లా యేర్పడినది కూడ ఆ 1911లోనే. కావేరి దిగువన తంజావూరు వరిపొలములు కలవు. 1892 నాటి ఒప్పందము ప్రకారము మైసూరువారు కొత్త జలాశయము కట్టవలెనన్నచో మద్రాసువారి సమ్మతి కావలెను. విద్యుత్తుకై వాడిన నీరు నదిలోనికే తిరిగివచ్చును, దానితో తగవు లేదు. కాని పొలములకు మళ్ళించిన నీరు తిరిగిరాదు. మద్రాసువారి భయమంతయు అందులకే. దిగువ రైతు భయమును తప్పుపట్టరాదు. వారు 80 అడుగుల ఎత్తునకు మాత్రమే సమ్మతించిరి. విశ్వేశ్వరయ్య గోడను మొదట అంతవరకే లేపదలచినను, పునాదిని మాత్రము 124 అడుగుల ఆనకట్టకు చాలినంత వెడల్పుగా వేయించెను. దీనితో తగవు ముదిరెను. గ్రిఫిన్ అను న్యాయాధికారి విచారించి 1914లో తీర్పు చెప్పెను. మద్రాసువారు దానిపై మరల విన్నవించుకొనిరి. కడకు 1924లో గాని రెండు ప్రభుత్వముల నడుమ ఒప్పందము కుదురలేదు. ఆ మీదట మద్రాసువారును మెట్టూరున తమ ఆనకట్టను కట్టుకొనిరి. అది 1934లో ముగిసెను.

తగవు ఒకవైపు సాగుచుండగా పని మఱొకవైపు సాగెను. 1912లో విశ్వేశ్వరయ్య దివాను అయ్యెను. పదివేలమంది కూలీలు కన్నంబాడి కడ పనిచేసిరి. సిమెంటు అప్పుడు మన దేశమున తయారగుచుండలేదు. సీమనుండి తెప్పించుట వ్యయసాధ్యము. అందుచే కాల్చిన ఇటుక పొడిని సున్నముతో కలిపి నూఱిన సుర్కీ గారతో రాతికట్టడము సాగించిరి. మన పూర్వులు కోటలకును, దేవాలయములకును వాడిన గారకు ఇది దగ్గరి చుట్టము. చలిజ్వరము కూలీలను పీడించెను. నదిలో పని గనుక వానకాలము వచ్చులోపలనే ప్రతి యేటి పనియు ఒక మట్టమునకు చేరవలెను. లేనిచో వరద దానిని తుడిచిపెట్టును. గనులకు అదనపు శక్తిని 1915 నడిమి నాటికి అందింతుమని మాటయిచ్చియుండిరి. ఇంజనీర్లలో కొందఱు అది అసాధ్యమని చేతులెత్తినను దివాను వినలేదు. రాత్రులందు పెద్ద దీపములు వెలిగించి పని జరిపిరి. చెప్పిన గడువుకు నీరు నిలిచెను, శివసముద్రమునకు చేరెను, గనులకు శక్తి అందెను.

ఆనకట్ట పూర్తియగుటకు 1931 వరకు పట్టెను. దాని పొడవు 2,621 మీటర్లు. ఖడక్‌వాస్లాలో మొదలిడిన తనంతట తెరచుకొను తలుపులనే ఇచ్చటను అమర్చిరి. మహారాజు పేర దానిని కృష్ణరాజసాగరమనిరి. ఆ సాగరము క్రింద కన్నంబాడి మొదలగు గ్రామములు మునిగెను. అయిదువేలకు తక్కువకాని జనులు ఇండ్లు విడిచి పోవలసివచ్చెను. వారికి వేఱుచోట్ల భూములిచ్చిరి. ఐనను తాతలనాటి ఊరు నీట మునుగుట చూచినవారి బాధను ఏ భూమియు పూర్తిగా తీర్పలేదు. మన శ్రీశైలము జలాశయము క్రింద ఊళ్ళు కోల్పోయిన కర్నూలు, మహబూబునగరు సీమలవారు ఈ మాటను చక్కగా నెఱుగుదురు.

దివానుగా ఆయన 1913లో మైసూరు బ్యాంకును, 1916లో మైసూరు విశ్వవిద్యాలయమును నెలకొల్పెను. భద్రావతి ఇనుప కర్మాగారమునకు పథకము వేసెను. బ్రాహ్మణేతర వర్గముల వారికి ఉద్యోగములలో కొన్ని ప్రత్యేకింపవలెనని మహారాజు సంకల్పింపగా, యోగ్యత నొక్కదానినే చూడవలెనని వాదించి 1918లో పదవిని విడిచెను. ఈ విషయమున నేను మహారాజు పక్షముననే యుందును. చదువు అందనివానిని యోగ్యత లేనివాడనుట యెట్లు? అభిప్రాయభేదము కలిగినను వారిరువురి గౌరవము తఱుగలేదు; పిమ్మట భద్రావతి కర్మాగారము చిక్కులలో పడినపుడు విశ్వేశ్వరయ్యయే వచ్చి దానిని నడిపెను.

శరావతీ నదిపై జోగు జలపాతము కడ విద్యుత్తు పుట్టింపవలెనని ఆయన తన యధికారకాలముననే తలపెట్టెను. ఆ కేంద్రము 1948లో గాని పనిచేయలేదు. మన ప్రాంతమునకు కూడ ఆయన సేవ కొంత అందినది. తిరుపతి నుండి తిరుమలకు వాహనములు పోవు మొదటి ఘాటు రోడ్డు 1944లో తెరువబడెను. ఆ దారి యోచనలో ఆయన సలహా యున్నది. నీరు కొండ దిగుటను లెక్కించిన బుద్ధియే బండి కొండ నెక్కుటను కూడ లెక్కించినది.

1955లో భారత ప్రభుత్వము ఆయనకు భారతరత్న బిరుదము నిచ్చెను. నూఱేండ్లు నిండిన పిదప, 1962వ సంవత్సరము ఏప్రిల్ నెలలో బెంగుళూరున ఆయన కన్నుమూసెను. ముద్దెనహళ్ళిలో అంత్యక్రియలు జరిగెను; అచ్చట ఆయన స్మారకమును, పుట్టిన ఇల్లును నేటికిని చూడవచ్చును. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 15వ తేదీని దేశమంతటను ఇంజనీర్ల దినముగా జరుపుచున్నారు.

కోలారు గనులలో బంగారము తఱిగి, త్రవ్వకపు వ్యయము పెరిగి, 2001వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన అవి మూతపడెను. చిగురుగుంట, బిసానత్తము గనులును ఆ కాలముననే నిలిచెను. శివసముద్రమున మాత్రము యంత్రములు ఇంకను తిరుగుచున్నవి. కృష్ణరాజసాగరము నుండి విడిచిన నీరు వాటిని త్రిప్పి, మరల కావేరిలో కలిసి, మెట్టూరు వైపు సాగిపోవుచున్నది.